ఉమ తరఫు లాయరు

“సాయంత్రంలోగా కంపెనీకి జవాబివ్వాలి. మీ కూతురేమో ఉద్యోగం వద్దు, లా చదువుతానంటోంది. మీరే చెప్పండి దానికి,” అంటూ ఉమ వరండాలోకి వచ్చింది.

లక్ష్మీనారాయణ కేసు కట్టల్లోంచి తలెత్తాడు. ఆయన నూజివీడు కోర్టులో పేరున్న లాయరు. ఇంట్లో మాత్రం ఇంతవరకూ ఒక్క కేసూ గెలవలేదు.

“నేనేం చెప్తాను? చదువుకుంటాననేగా అంటోంది,” అన్నాడు మెల్లగా.

“బీటెక్ చదివించింది మళ్లీ మొదటికి రావడానికా? ఊరందరి తరఫునా మాట్లాడతారు. పెళ్లయ్యాక ఒక్కసారన్నా నా తరఫున మాట్లాడారా?”

ఆ మాట కాస్త గట్టిగానే తగిలింది. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని పెట్టుకున్నాడు.

“సరే. నీ తరఫున నేనే. పిలువు దాన్ని.”

సింధూర వచ్చి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. చాట్రాయి నుంచి చిన్నరసం మామిడిపళ్ల బుట్టతో వచ్చిన క్లయింటు చిన్నరాయప్ప, తన వాయిదా సంగతి ఇప్పట్లో తేలదని అర్థమై, బల్ల మీద సర్దుకున్నాడు. లాయరుగారింట్లో తగువు ఊరికే చూడ్డానికి దొరుకుతుంటే ఎవరు మాత్రం లేచి వెళ్తారు?

“నల్లకోటు ఎందుకమ్మా నీకు?” మొదలుపెట్టాడు లక్ష్మీనారాయణ.

“ఎవరి కిందా పని చెయ్యక్కర్లేదు. నీకు బాస్ ఉన్నాడా నాన్నా?”

“ఒకడా? కోర్టులో జడ్జిగారు, ఇంటి దగ్గర క్లయింటు, రెండు చోట్లా మా గుమాస్తా. వీళ్లకంటే ముందు సీనియర్ గారు. ఆయన ఫైళ్లు మోస్తూ కొన్నేళ్లు గడిచిపోతాయి. జీతం అడిగితే, పని నేర్పుతున్నాను కదా అంటారు.”

“నేర్చుకుంటాను. రిటైర్మెంట్ లేదుగా.”

“సెలవు కూడా లేదు. పెళ్లికెళ్లి విస్తరి ముందు కూర్చోగానే పక్కవాడు పొలం కాగితాలు తీస్తాడు. తప్పు చేసినవాడి తరఫున కూడా నిలబడాలి, తెలుసా?”

“వాడికీ ఒక మనిషి ఉండాలి కదా.”

“పుస్తకంలో చదువుకోడానికి బాగానే ఉంటుంది. సాయంత్రం కూరలు కొంటుంటే అవతలి పార్టీ వాళ్లు ఎదురొస్తారు. నూజివీడు ఎంత ఊరని తప్పించుకుంటావు? కేసు గెలిస్తే న్యాయం నా వైపుంది కాబట్టి గెలిచానంటాడు క్లయింటు. ఓడిపోతే లాయరు ముంచేశాడంటాడు. ఏమయ్యా రాయప్పా, అంతేనా?”

చిన్నరాయప్ప కంగారుపడ్డాడు. “పోయినసారి నేనన్నది మీదాకా వచ్చిందాండీ?”

సింధూర నవ్వాపుకోలేకపోయింది. తర్వాత అతన్నే చూపిస్తూ అంది. “ఈయన మొదటిసారి నోటీసు పట్టుకొచ్చిన రోజు నాకు గుర్తుంది నాన్నా. కంగారులో మంచినీళ్లు కూడా ఒలకబోసుకున్నాడు. నువ్వు కూర్చోబెట్టి నెమ్మదిగా అంతా విడమరిచి చెప్పావు. వెళ్లేటప్పుడు మామూలు మనిషిలా నడిచి వెళ్లాడు. అలా ఒక్కరిని పంపించినా చాలు నాకు.”

“అవునండీ, ఆ రాత్రే నాకు నిద్ర పట్టింది,” అన్నాడు చిన్నరాయప్ప. ఉమ చూసిన చూపుకి బుట్టలో పళ్లు సర్దడంలో పడ్డాడు.

లక్ష్మీనారాయణ కేసు కట్ట పక్కన పెట్టాడు. గొంతు సవరించుకున్నాడు.

“ఇంకొక్కటి అడుగుతాను. నీ ఐదో పుట్టినరోజుకి నేనెక్కడున్నాను?”

“హైకోర్టు పనిమీద హైదరాబాదులో.”

“స్కూల్లో నువ్వు డాన్సు చేసినప్పుడు?”

“విజయవాడలో. అక్కడేదో కేసు.”

“మీ అమ్మకి ఆపరేషన్ అయిన రోజు?”

సింధూర తల్లి వైపు తిరిగింది.

“కోర్టులో,” అంది ఉమ, తననెవరూ అడక్కుండానే. అనేశాక మొహం పక్కకి తిప్పుకుంది.

సింధూర తల్లినే చూస్తూ ఉండిపోయింది. కుర్చీ వెనక్కి జరిపి లేచింది.

“సరే నాన్నా, నువ్వే గెలిచావు. ఉద్యోగంలో చేరతానని మెయిల్ పెట్టేస్తాను.”

ఆ అమ్మాయి లోపలికి వెళ్లిపోయింది. చిన్నరాయప్ప కూడా, “మళ్లీ వస్తానండీ,” అని బుట్ట వదిలేసి చెప్పులేసుకుని జారుకున్నాడు.

ఉమ మొహం వెలిగిపోయింది. “మీరింత బాగా వాదిస్తారని తెలిస్తే ఎప్పుడో పెట్టుకునేదాన్ని మిమ్మల్ని!”

ఆయన నవ్వలేదు. కళ్లజోడు మళ్లీ తీసి తుడవడం మొదలుపెట్టాడు. అది శుభ్రంగానే ఉంది.

“గెలిచారుగా. ఆ మొహం ఏంటండీ?”

“నీ తరఫున ఒప్పుకున్నాక సరిగ్గా వాదించకపోతే తప్పు ఉమా. అందుకే ఉన్నదంతా చెప్పాను. కానీ దాని పేరు గేటు మీద నా పేరు పక్కన చూసుకోవాలని ఎప్పట్నించో ఆశ నాకు. ఎదురు తిరిగి నన్ను ఓడిస్తుందిలే అనుకున్నాను. ఓడిపోతే బావుణ్ణని వాదించిన కేసు ఇదొక్కటే.”

ఈ మాట ముందే చెప్పనందుకు ఉమకి కోపం రాబోయింది. ఈ మనిషి మీద కోపం ఎప్పుడూ పూట కూడా నిలవదు, అదే ఆవిడకున్న బాధ. లోపలి గది వైపు ఒకసారి చూసింది. కొంగుతో మొహం తుడుచుకుని, ఆయన కుర్చీ దగ్గరికొచ్చి గొంతు తగ్గించి అడిగింది.

“ఏవండీ, గెలిచినవాళ్లు కూడా అప్పీలు చేసుకోవచ్చా?”