గుండ్రటి తోక

సరస్సు అడుగున దొరికిన పాత యుద్ధవిమానం ఫోటోలో బురద పట్టిన తోక ఒక్కటే కనిపిస్తోంది. ముసలావిడ తెచ్చిన ఫోటోలోనూ అంతే. అందులో ఆమె భర్త తోకకు చేరగిలబడి నవ్వుతున్నాడు. మిగతా విమానం ఫోటోలో పట్టలేదు.

యుద్ధంలో ఆయన చివరిసారి ఎక్కింది ఆ విమానమే. ఆయనా, అదీ మళ్ళీ కనబడలేదు.

మ్యూజియంలో పాత విమానాలను పోల్చి చెప్పే ఉద్యోగి భూతద్దం దించాడు.

"ఇది అది కాదు, పెద్దమ్మా."

"మళ్ళీ చూడు, నాయనా."

చూశాడు. "మీవారి విమానానికి తోక చివర గుండ్రంగా ఉంది. నీళ్ళలో దొరికినదానికి పలకగా కోసినట్టుంది. రకమే వేరు."

"బురద వల్ల అలా కనిపిస్తోందేమో. కడిగి చూస్తే?"

"ఎంత కడిగినా పలక గుండ్రం అవుతుందా?" అతను నవ్వాడు. ఇలాంటి కబురు చెప్పే అదృష్టం అతనికి ఎప్పుడో గాని దొరకదు. "గుండె చిక్కబట్టుకుని వచ్చినట్టున్నారు. ధైర్యంగా ఇంటికి వెళ్ళండి. అందులో పోయింది మీవారు కాదు."

ఆమె రెండు చేతులతో అతని చెయ్యి పట్టుకుంది.

"ఆయనే అని చెప్పు నాయనా, నీకు పుణ్యముంటుంది. ఆయన వెళ్ళినప్పటి నుంచి రాత్రిళ్ళు వీధి తలుపుకి గడియ వెయ్యలేదు. ఇవాళైనా వేసుకుని పడుకుంటాను."