పేచీల తాత

"ఫొటోలు తర్వాత దిగొచ్చు. ముందు అన్నం పెట్టండయ్యా!"

ముర్తుజా తాత స్టీలు కంచాన్ని బల్ల మీద టంగుమని కొట్టాడు.

మనవడి పుట్టినరోజని ఆశ్రమానికి భోజనాలు తెచ్చిన పెద్దమనిషి, వడ్డిస్తున్నట్టు ఫొటో దిగుతున్నాడు. ఆయన చేతిలో గరిటె గాల్లోనే ఆగిపోయింది.

వార్డెన్ పద్మజకు తల కొట్టేసినట్టయింది.

"పరువు తీశావు కదా తాతా! కాసేపు ఆగలేవా?" అంది వాళ్లు వెళ్లాక.

"ఆకలి ఆగుద్దా అమ్మాయ్?" అన్నాడు తాత.

నరసరావుపేట చివర ఉన్న ఆ వృద్ధాశ్రమంలో అందరికంటే పెద్ద గొంతు ముర్తుజాదే. మాచర్లలో లారీల షెడ్డు నడిపిన మనిషి. ఇంజన్ల మోతలో అరిచి అరిచి అలవాటైన గొంతు.

రోజుకో పేచీ పెట్టేవాడు. అన్నం పలుకుగా ఉందని. స్నానానికి నీళ్లు చల్లగా ఉన్నాయని. పరుపులు గట్టిగా ఉన్నాయని.

ఉన్నది ఇద్దరే ఆయాలు. విసుక్కుంటూనే నీళ్లు కాచేవాళ్లు, పరుపులు మార్చేవాళ్లు.

"మా అత్త సాధింపులే నయం. ఏం చేసినా వంకేనా?" అనేది వంటామె నాగులమ్మ.

"మీ అత్తని కూడా తీసుకొచ్చి చేర్చవే. ఇద్దరం కలిసి సాధిస్తాం."

కోపంలోనూ నాగులమ్మకు నవ్వొచ్చేది.

"పక్క మంచం చెన్నయ్య తాతను చూసి నేర్చుకో. ఏనాడైనా ఇది కావాలని నోరు తెరిచాడా?" అనేది పద్మజ.

కాళ్లు పడిపోయిన చెన్నయ్య తల దించుకునేవాడు.

"నిజమే అమ్మాయ్. వాడు బంగారం" అని ముర్తుజా నవ్వేవాడు.

ఫొటోల గొడవ జరిగిన సాయంత్రమే ట్రస్టు ప్రెసిడెంటు ఫోన్ చేశాడు.

"ఇట్లాగైతే దాతలెవరూ మన గడప తొక్కరు. ఆయన్ని గురజాలలోని మన రెండో ఆశ్రమానికి పంపెయ్."

పద్మజ ఒక్క మాట అడ్డం చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు.

మర్నాడు ఆటో వచ్చింది. ముర్తుజా సంచీ సర్దుకుని, చెన్నయ్య భుజం తట్టి, వంటింట్లోకి తొంగిచూశాడు.

"నాగులమ్మా, ఇంక నీకు సెలవులే!"

పంపించేస్తున్నందుకు మాత్రం తాత ఏ పేచీ పెట్టలేదు.

ఆ తర్వాత హాలు నిశ్శబ్దమైపోయింది. ఏది పెట్టినా తిన్నారు. ఏ నీళ్లు పోసినా స్నానాలు చేశారు. ఇప్పటికి ఆశ్రమం దారిలో పడిందని ప్రెసిడెంటు మెచ్చుకున్నాడు. పద్మజకూ అలాగే అనిపించింది.

నెల తిరిగాక డాక్టరు వచ్చి చెన్నయ్యను పక్కకు తిప్పాడు. నడుం కింద పరుపు ఒరుసుకుని పెద్ద పుండు పడి ఉంది.

పద్మజ మంచం పక్కన కూర్చుంది.

"ఇంత నొప్పి ఎట్లా ఓర్చుకున్నావు తాతా? ఎందుకు చెప్పలేదు?"

చెన్నయ్య ఎప్పట్లాగే తల దించుకున్నాడు.

"చెప్తే నన్ను కూడా పంపిచ్చేస్తారేమోనని..."

"అదేంది తాతా! నోరు తెరిచి అడిగినందుకు ఎవరినైనా పంపామా?"

అన్నాక ఆమెకే మాట తడబడింది. పక్క మంచం మీద ఎవరో కొత్తాయన పడుకుని ఉన్నాడు.

"ముర్తుజా తాత సంగతి వేరు. ఆయనకి ఏదీ నచ్చేది కాదు కదా..."

చెన్నయ్య తల అడ్డంగా ఊపాడు.

"చన్నీళ్లకి వణికింది నేనమ్మా. అన్నం నమల్లేక అల్లాడింది ఆ మూల మంచం మీది పళ్లులేని బ్రహ్మానందం. ఊరికే పెట్టే తిండికి వంక పెడితే ఏమనుకుంటారోనని, మాకు భయం. రాత్రిపూట ఆయనకి చెప్పుకునేవాళ్లం."

కండువాతో కళ్లు ఒత్తుకున్నాడు.

"మా కోసమే అంత గొంతేసుకుని అరిచాడు గానీ, ముర్తుజా తనకి కావాలని ఇక్కడ ఏనాడూ ఏదీ అడగలేదు తల్లీ!"