ఇంకా మూడు శాలువాలు

రెండో శాలువా భుజాన పడుతుండగా కోటిలింగం గారి తలలో ఏదో పేలింది.

సుత్తితో కొట్టినట్టు ఒక్క దెబ్బ. కళ్లు బైర్లు కమ్మాయి. అయినా ఆయన నవ్వుతూనే ఉన్నారు. ఎదురుగా ఫొటోగ్రాఫరు ఉన్నాడు మరి.

మద్రాసు వాషర్‌మెన్‌పేట్‌లో పుట్టి పైకొచ్చిన బిడ్డ అని తెలుగు సంఘం వాళ్లు సన్మానం పెట్టారు. సన్మానమంటే మాటలా? మే నెల ఉక్కలో అయిదు శాలువాలు కప్పించుకుని ఉడుకుతూ కూర్చోవాలి. మధ్యలో లేచిపోతే శాలువా తెచ్చినవాడి పరువు పోతుంది.

ముందు వరసలో ఉన్న భార్య హైమ ఆయన మొహం చూసింది. గబగబా వేదికెక్కింది.

“ఏమైందండీ?”

“తలనొప్పి. పుట్టి బుద్ధెరిగినాక ఇట్టాంటిది రాలే.”

“మెల్లగా వచ్చిందా, ఒక్కసారిగానా?”

“ఒక్కసారే.”

“మెడ వంచండి చూద్దాం.”

వంగలేదు. హైమ ఆయన రెక్క పట్టుకుంది.

“లేవండి, ఆస్పత్రికి పోదాం.”

“ఊరుకో. పొద్దున కాఫీ తాగలే, అందుకే. ఇంతమంది ముందర లేచిపోతే బాగుంటాదా? అయినా నువ్వేమన్నా డాక్టరువా?”

హైమకు ఒళ్లు మండింది. సంఘం కార్యదర్శి కేశవ్‌ను పట్టుకుంది.

“తంబీ, మీ అన్నకు ఒళ్లు బాగలే. పంపించెయ్యి.”

“అయ్యయ్యో! అయిదే నిమిషాలు వదినా. ఇంకా మూడు శాలువాలుండాయి. కౌన్సిలర్ గారు ట్రాఫిక్‌లో ఉండారు, ఇదో వచ్చేస్తా ఉండారు. అన్నా, సోడా తెప్పించేదా?”

ఒకరు బామ్ రాశారు. ఒకరు దిష్టి అన్నారు. కోశాధికారి మాత్రం ఏసీ గాలి పడలేదని తేల్చేశాడు. ఆ హాల్లో ఏసీ లేదు.

నాలుగో శాలువా కప్పగానే కోటిలింగం గారు భళ్లున వాంతి చేసుకున్నారు. అప్పుడు కూడా చెయ్యెత్తి, “ఏం లేదు, పైత్యం” అన్నారు.

హైమ ఇక ఎవరినీ అడగలేదు. నూట ఎనిమిదికి ఫోన్ చేసింది. మైకు లాక్కుంది.

“అందరూ తప్పుకోండి! ఈయనకేమన్నా అయితే మీ శాలువాలు పాడె మీద కప్పాల!”

ఇంత అమర్యాద ఆ సంఘం ఎన్నడూ ఎరగదు. పెద్దలు నొచ్చుకున్నారు. అంబులెన్సు వాళ్లొచ్చేదాకా ఆమె భర్త చెయ్యి వదల్లేదు.

స్ట్రెచర్ వేదిక దిగబోతుండగా కౌన్సిలర్ గారు వేంచేశారు. కేశవ్ పరుగెత్తి అయిదో శాలువా ఆయన చేతిలో పెట్టాడు. స్ట్రెచర్ మీదే కప్పించాడు. కోటిలింగం గారు కళ్లు మూసుకునే చేతులు జోడించారు. ఫొటోగ్రాఫరు క్లిక్కుమనిపించాడు.

ఆపరేషనైన మూడో రోజు కోటిలింగం గారు కళ్లు తెరిచారు. హైమ కళ్లు తుడుచుకుని, సంఘం వాట్సాప్ గ్రూపులో వచ్చిన ఆ ఫొటో ఆయన ముందు పెట్టింది.

స్ట్రెచర్ వెనక బ్యానరు మీద ఒక్క అక్షరం చెదరకుండా కనబడుతోంది: “హఠాత్తుగా తలనొప్పి వస్తే ఒక్క నిమిషం కూడా ఆగకండి! సన్మానం, ఉపన్యాసం: ప్రముఖ మెదడు రక్తనాళాల సర్జన్, డాక్టర్ కోటిలింగం.”