కొండదారిలో పండగ బస్సు

"ఆ మూలుగు ఆపుతావా లేదా?" అంది పక్క సీట్లోని హెర్మెలిందా.

నెల్డా ఆపలేదు. ఆపితే తల పగిలిపోయేలా ఉంది. రెండు చేతులతో చెవులు మూసుకుని, ముందుకీ వెనక్కీ ఊగుతూ, గొంతులోపలే ఒక స్వరాన్ని సాగదీస్తోంది. బయటి చప్పుళ్ళు లోపలికి రాకుండా ఆమె కట్టుకోగలిగిన గోడ అదొక్కటే.

క్రిస్మస్ ముందురోజు. పెరూలో లిమా నుంచి వాంకాయో వెళ్ళే బస్సు కొండ నెత్తిన లారీల వరసలో ఇరుక్కుపోయింది. పొద్దుటినుంచీ అంగుళం కదల్లేదు. బయట మంచు పడుతోంది. కిటికీలేమో తెరుచుకునేవి కావు. కండక్టరు విల్బెర్ పండగ సరదా కొద్దీ కిటికీల పొడుగునా రంగుదీపాల తోరణం కట్టాడు. అవి మిణుకుమన్నప్పుడల్లా వాటిలోంచి ఒక పండగపాట, చెవిలో దోమ దూరినట్టు, సన్నగా గీపెడుతూ వస్తుంది. అయిపోతే మళ్ళీ మొదటినుంచి. వెనక సీటు కింద గోతాంలో టర్కీ కోడి కొట్టుకుంటోంది. ఎవరో వేపుడు పందిమాంసం పొట్లం విప్పారు. నడవలో నిలబడ్డవాళ్ళ తడికోట్లు వచ్చి నెల్డా భుజానికి రాసుకుంటున్నాయి.

నిజానికి కిటికీ పక్క సీటు నెల్డాది. ఎక్కేసరికే హెర్మెలిందా అందులో చేరగిలపడి, ఒళ్ళో పండగ రొట్టెల డబ్బాలు పేర్చుకుని ఉంది. పెద్దదాన్ని, కాళ్ళు లాగుతున్నాయి, కాస్త సర్దుకో తల్లీ అంది. సర్దుకోవడం అందరికీ ఒకేలా ఉండదని చెప్పడం నెల్డాకి చేతకాలేదు.

దీపాలు ఆర్పమని విల్బెర్‌ని ఒకసారి అడిగింది. పండగపూట దీపాలార్పమంటావేంటక్కా, పిల్లలేడుస్తారు అని అతను నవ్వేసి పోయాడు. మళ్ళీ వచ్చినప్పుడు, ఇంటి దగ్గర బట్టీపట్టి తెచ్చుకున్న మాటలు కళ్ళు మూసుకుని అప్పజెప్పింది.

"నాకు ఆటిజం ఉంది. ఆ పాట నాకు సూదులు గుచ్చినట్టుంటుంది. దయచేసి ఆపండి."

విల్బెర్ బుర్ర గోక్కున్నాడు. ఈలోగా హెర్మెలిందా అందుకుంది.

"మా రోజుల్లో ఇలాంటివన్నీ లేవు నాయనా. వీపున రెండు తగిలిస్తే అన్నీ కుదురుకునేవి."

చుట్టుపక్కలవాళ్ళు నవ్వారు. పాట మళ్ళీ మొదలైంది.

నెల్డా చెయ్యి తనంతట తనే లేచింది. హెర్మెలిందా మీదుగా తోరణం పట్టుకుని ఒక్క లాగు లాగింది. వైరు పుటుక్కున తెగింది. దీపాలారిపోయాయి, పాట ఆగిపోయింది. బస్సంతా నిశ్శబ్దం. ఆ రోజు ఆమె నిండా పీల్చిన మొదటి ఊపిరి అదే.

రెండో ఊపిరి తీసేలోపే అందరూ ఒకేసారి లేచారు. పిల్లలు ఏడుపందుకున్నారు. టోపీ పెట్టుకున్న ఒకాయన, ఇలాంటివాళ్ళని బస్సెక్కించడమే తప్పు, దింపెయ్యమన్నాడు. మంచులో ఎక్కడ దింపుతారని ఎవరో అనబోయారు గానీ, ఆ మాట వినబడలేదు.

"దేవదూత పూనిందో దెయ్యం పూనిందో నాకు తెలీదు. ఈ పిల్ల పక్కన మాత్రం నేనింక కూచోను" అంది హెర్మెలిందా, కిటికీకి మరింత దగ్గరగా జరుగుతూ.

ఇది తన చేతుల్లో లేదనీ, డోన్ సెవెరో ఏమంటే అదేననీ చెప్పి విల్బెర్ నెల్డాని లేవమన్నాడు. ఆ పేరు వినగానే నిలబడ్డవాళ్ళు దారిచ్చారు. డోన్ సెవెరో అంటే డ్రైవరు. ఏళ్ళ తరబడి ఈ దారిలో బస్సు నడుపుతున్నా, దండం పెట్టినవాడికి తిరిగి దండం పెట్టి ఎరగడు. పోయిన నెల, కేకలు పెడుతున్న ఒక తాగుబోతుని మాటా పలుకూ లేకుండా మధ్యదారిలో దింపేశాడని అందరికీ తెలుసు.

ఇక్కడ దిగితే తలదాచుకోవడానికి గుడిసె కూడా లేదు. ఈ రోజుకి మరో బస్సూ లేదు. వాంకాయోలో వాళ్ళమ్మ రెండే రెండు పళ్ళాలు బల్లమీద పెట్టుకుని చూస్తూంటుంది. నడవలో తగిలిన ప్రతి మోచేయీ నిప్పులా అంటుకుంటుంటే, నెల్డా కోటు తలమీదికి లాక్కుని నడిచింది.

డ్రైవరు గది తలుపు తెరిచి విల్బెర్ జరిగిందంతా ఏకరువు పెట్టాడు. "అందరూ దింపెయ్యమంటున్నారు గురూగారూ" అన్నాడు చివరికి.

డోన్ సెవెరో తల తిప్పలేదు. బస్సు ఆగి ఉన్నా చేతులు స్టీరింగు మీదే ఉన్నాయి.

"తలుపెయ్యి" అన్నాడు.

"లోపలుండి వెయ్యాలా, బయటుండి వెయ్యాలా?"

"నువ్వు బయటుండి."

విల్బెర్ వెళ్ళి హెర్మెలిందా పక్కన కూలబడ్డాడు. గదిలో నెల్డా రోడ్డు వైపు తలుపునే చూస్తూ, ఆయన చెయ్యి దాని గొళ్ళెం మీదికి ఎప్పుడు వెళ్తుందా అని నిలబడింది. ఆయన గడ్డంతో పక్కసీటు చూపించాడు. ఆమె అంచున కూచుంది.

పాట లేదు. రేడియో లేదు. మాంసం వాసన లేదు. ముందున్న లారీ ఎర్రదీపం ఒక్కటే ఆరుతూ వెలుగుతూ ఉంటే, ఆ వెలుగు కళ్ళలో పడకుండా ఆయన చెయ్యి చాచి ఆమె వైపు ఎండతెర కిందికి దించాడు. నీ పేరేంటనీ, ఒంట్లో ఎలా ఉందనీ, ఏ ఊరనీ అడగలేదు. చాలాసేపటికి లారీలు కదిలాయి. మంచు వెనకబడింది. బస్సు లోయలోకి దిగి, యూకలిప్టస్ చెట్లు కనబడేసరికి, తన గొంతులో స్వరం ఎప్పుడో ఆగిపోయిందని నెల్డా గమనించింది. సీట్లో వెనక్కి వాలింది.

మనసులో ఉన్నది తిన్నగా అడిగెయ్యడం ఆమెకి అలవాటు.

"నన్నెందుకు దింపలేదు?"

డోన్ సెవెరో ఒక మలుపు దాటించాడు. ఇంకో మలుపు దాటించాడు. రోడ్డు మీదినుంచి చూపు తిప్పకుండానే చెప్పాడు:

"బస్సులో అందరి మధ్యా కూచోలేకే గదమ్మా, నేను డ్రైవర్నయింది."