వేదికకు వీపు

“ఇవాళ పన్ను కనబడిందో, యూనిఫాం విప్పి నా చేతిలో పెట్టి పో!”

సూపర్‌వైజరు అరుపుకి హాలు పక్కదారిలో నీళ్ళ సీసాలు సర్దుతున్నవాళ్ళు తలెత్తారు. సెక్యూరిటీ గార్డు మాత్రం తల దించాడు. తోటివాళ్ళు అతనికి పెట్టిన పేరు స్తంభం. పోయినవారం ఇదే కామెడీ షోలో ఆ స్తంభం పకాలున నవ్వింది. అది ఎవరో పెద్దమనిషి కంట పడింది.

“జోకు అలాంటిది సార్...”

“జోకు నీక్కాదు, టికెట్టు కొన్నోళ్ళకి. ఇవాళ ముందు వరసలో సాక్షాత్తూ మంత్రిగారు కూర్చుంటున్నారు. ఆయన మీద జోకేస్తే ఆయన ఎదురుగా నిలబడి నువ్వు ఇకిలిస్తావా? చెప్పడం ఇదే ఆఖరు.”

గార్డు పనే అది మరి. వేదిక కింద నిలబడాలి. వీపు వేదికకి, మొహం జనానికి. రెండు గంటలూ వెనక్కి తిరగకూడదు. వేదికకి అందరికంటే దగ్గరుండేవాడు అతనే. దాన్ని చూడనివాడూ అతనే.

సూపర్‌వైజరు అటు వెళ్ళాడో లేదో, కూతురు వచ్చింది. చేతిలో టికెట్టు. చిట్టచివరి వరస. దాని ఖరీదు మూడు నెలల నడక. బస్సు డబ్బులూ టిఫిను డబ్బులూ మిగిల్చి కాలేజీకి నడిచి కొనుక్కుంది.

“అంతా విన్నాను నాన్నా. అంతలేసి మాటలంటుంటే నోరెత్తవేం?”

“నోరెత్తితే నీ ఫీజెవడు కడతాడే?”

“లోపల ఆ కమెడియన్ చూడు, మంత్రిని మొహం మీదే కడిగేస్తాడు. ఆయన ధైర్యంలో పావలా వంతు నీకుంటేనా...”

“కడిగితే మొహం తళతళలాడుతుంది. అంతేగా? జనం కడుపుబ్బా నవ్వుతారు. కడుపులో మంట చల్లారుతుంది. ఇంటికెళ్ళి పడుకుంటారు. ఇక వీధిలోకొచ్చి అడిగేదెవరు?”

“అసలు అడగొచ్చని తెలిసేదే అలాంటోళ్ళ వల్ల!” అంది కూతురు గయ్‌మని. “నీకేం తెలుస్తుందిలే. పోయిన నెల పాటల కచేరీకి జనం జీతాలు పోసి టికెట్లు కొన్నారు. ఆ గాయని నీ వీపు వెనకే పాడింది. ఏ రంగు బట్టలేసుకుందో చెప్పు చూద్దాం?”

కూతురు చివరి వరసకి వెళ్ళిపోయింది.

షో మొదలైంది. వీపు వెనక కమెడియన్ గొంతు ఖంగుమంటోంది.

“మా మంత్రిగారు రోడ్డు వేయించారు. వాన కూడా మొహమాటపడి పక్కనుంచి పోతోంది. పడితే రోడ్డు పోతుందని! ఆస్పత్రి కట్టిస్తానన్నారు. పునాదిరాయి దగ్గర ఆగింది. రోగులొచ్చి ఆ రాయికే జ్వరం చూపించుకుంటున్నారు!”

హాలు దద్దరిల్లింది. గార్డు మొదటి పావుగంట బుగ్గ లోపల కొరుక్కుంటూ నెట్టుకొచ్చాడు. ఎదురుగా, ముందు వరస నడిమి కుర్చీలో మంత్రి. తన మీద జోకు పేలినప్పుడల్లా పొట్ట పట్టుకుని ఊగిపోతున్నాడు. నవ్వనప్పుడు ఏదో నములుతున్నట్టు పెదాలు కదుపుతున్నాడు.

“ఎంత గుండెరా వీడిది!” అంటున్నారు రెండో వరసలో.

“మంత్రిది మాత్రం ఎంత పెద్ద మనసు! ఇంకొకడైతే ఈపాటికి లోపల వేయించేవాడు.”

గార్డు మంత్రి నోటినే చూస్తూ నిలబడ్డాడు. కాసేపటికి బుగ్గ కొరుక్కోవలసిన అవసరమే లేకపోయింది. నవ్వు దానంతటదే ఆరిపోయింది.

“పాటల కచేరీ టికెట్టు ధర చూశారా?” అన్నాడు కమెడియన్. “ఆ డబ్బుకి ఆ గాయనిని మీ ఇంటికే పిలిచి జోల పాడించుకోవచ్చు! దాని మీద పన్నెవరికి? ఇదిగో, ఈ తినేవాళ్ళకి! చెప్పండి, నాకున్న ధైర్యం ఈ హాల్లో ఇంకెవరికైనా ఉందా? ఉంటే లేచి ఒక్క ప్రశ్న అడగండి!”

చప్పట్లు మోగాయి. చప్పట్ల మధ్య చివరి వరసలో ఒక పిల్ల లేచింది. గార్డు గుర్తుపట్టాడు, తన కూతురే.

“నేనడుగుతా అన్నా! ఈ టికెట్టుకి నేను మూడు నెలలు నడిచాను. ముందు వరసకి టికెట్టే లేదట, అన్నీ పాసులేనట. తిన్నాయనకి ఉచితం, తినబెట్టిన మాకు టికెట్టూనా?”

మంత్రి పెదాలు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. గార్డు వెనక మైకూ ఆగిపోయింది. ఆ తర్వాత వెనక వరసలు గొల్లుమన్నాయి.

స్తంభం నవ్వింది. ఒక పన్ను కాదు, ముప్పై రెండూ కనబడేలా, కళ్ళల్లో నీళ్ళు తిరిగేలా నవ్వింది.

“చెల్లెమ్మ... భలే చెల్లెమ్మ... సరే, టైమైపోయింది,” అని గొణిగాడు కమెడియన్. వేదిక మీద దీపాలారిపోయాయి.

సూపర్‌వైజరు వచ్చాడు. చెయ్యి చాపాడంతే. గార్డు చొక్కా విప్పి మడతపెట్టి ఆ చేతిలో పెట్టాడు.

బయట ఇంకా ఎండగానే ఉంది. బనీనుతో నడుస్తున్న తండ్రి పక్కన కూతురు తలొంచుకుని నడుస్తోంది. వీధి మలుపు దాకా ఆగి, ఇక ఆగలేక అడిగింది.

“నా వల్లే కదూ నాన్నా? ఆయన రెండు గంటలు అంత గొప్ప గొప్ప జోకులేస్తే రాయిలా నిలబడ్డావు. నా ఒక్క మాటకి ఉద్యోగం పోయేంత నవ్వేమిటి?”

గార్డు ఆగి కూతురి తల మీద చెయ్యి వేశాడు.

“నీ మాట ఒక్కటే మంత్రికి ముందు తెలీదు తల్లీ. మిగతా జోకులన్నీ వాడు చెప్పకముందే ఆయన పెదాలు అప్పజెప్పేశాయి, ఒక్క ముక్క పొల్లుపోకుండా.”