నిన్ను అడగలే

నెత్తి మీది బీడీల తునికాకు మూట దించి ఆ పెద్దామె పందిరి కింద చతికిలబడింది.

"దప్పికైతుంది బిడ్డా, కొన్ని నీళ్లియ్యి" అంది, మంచం మీద కూర్చున్న రాజ్యశ్రీని చూసి.

పగిడయ్య పరుగున పోయి చెంబు తెచ్చాడు. ఆమె అందుకోలేదు.

"నిన్ను అడగలే తమ్మీ. పిల్లను అడిగిన."

పగిడయ్యకు ఒళ్లు మండింది. తన బిడ్డ సంగతి టేకులపల్లి చుట్టుపక్కల తెలియనిదెవరికి? చలికాలంలో తల్లాడ వైపు మిరపకాయలు ఏరబోయి వస్తుంటే ట్రాలీ బోల్తా పడింది. తలకు దెబ్బ తగిలి, మెదడుకు ఆపరేషనై, ఖమ్మం దవాఖానాలో నలభై రోజులుంది. పదిహేడేళ్ల పిల్ల కుడిచేతి పట్టు సగం, మాట మొత్తం పోగొట్టుకుని ఇంటికొచ్చింది. మొదటి ఆరు నెలల్లో ఎంత తిరిగొస్తే అంత మంచిదన్నాడు డాక్టరు. అప్పుడే నాలుగు గడిచాయి.

తల్లి లేని పిల్ల. అన్నం తండ్రే కలిపి పెడతాడు, జడ తండ్రే వేస్తాడు. ఎవరేమడిగినా ఆమె పెదవి కదలకముందే జవాబూ తండ్రే చెప్పేస్తాడు. కన్నతల్లి కూడా ఇంత చెయ్యదని ఊరంతా మెచ్చుకుంది.

"దానికి చాతకాదక్కా" అన్నాడు.

"అయితే కూసుంట. నాకేం తొందర లేదు."

రాజ్యశ్రీ లేచింది. గోడ పట్టుకుని, కాలీడ్చుకుంటూ వెళ్లి, కుండలో గ్లాసు ముంచి తెచ్చేసరికి పందిట్లో ఎండ ఈ గుంజ నుంచి ఆ గుంజకు మారింది. గ్లాసులో సగమే మిగిలాయి. పెద్దామె ఆ సగమే తాగి, తన పేరు విశ్రాంతమ్మ అని చెప్పింది.

మర్నాడూ వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది.

"గదిల ఒక్కదాన్నే కట్టలు కట్టబుద్ధి కాదు. ఈడనైతే మనుషులున్నరు" అంది.

యాభై ఆకులకో కట్ట. సాయంత్రానికి ఆకు కొనే కల్లంలో అప్పగించాలి. ఆమె ఆకులన్నీ పిల్ల ముందు పోసి, "లెక్క నోటితో చెప్పు బిడ్డా" అనేది.

"ఒ... ఒ..." అని ఆగిపోయేది రాజ్యశ్రీ.

"ఒకటి" అనేవాడు పగిడయ్య.

"నీకు లెక్కలొస్తయని నాకెర్కేలే తమ్మీ. పోయి కట్టెలు కొట్టుకో."

పగిడయ్యకు అనుమానం మొదలైంది. ఊరికే దొరికిందని జబ్బు పిల్లతో పని చేయించుకుంటోందా ఈమె?

పదో రోజు ఇరవై ఆకులదాకా వచ్చాక చెయ్యి వణికి కట్ట చెదిరిపోయింది. రాజ్యశ్రీ వెక్కివెక్కి ఏడ్చింది. విశ్రాంతమ్మ ఓదార్చలేదు.

"మల్ల పెట్టు" అంది.

"ఇగ చాలు, లే అక్కా" అన్నాడు పగిడయ్య. "పరాయి బిడ్డ గనుకనే గిట్ల ఏడిపిస్తున్నవ్. నీ కడుపున పుడితే తెలిసేది."

విశ్రాంతమ్మ ముఖం పాలిపోయింది. మూట ఎత్తుకుని వెళ్లిపోయింది.

వారం గడిచింది, ఆమె మళ్లీ రాలేదు. ఓ పొద్దున పగిడయ్య ముద్ద కలిపి నోటిదాకా తెచ్చాడు. రాజ్యశ్రీ చెయ్యి అడ్డం పెట్టింది. కుడిచెయ్యే.

"నా... నాయినా" అంది.

మిగతాది చెప్పబోయి ఎందుకో ఈసారి పగిడయ్య నోరు మూసుకున్నాడు.

"నే... నేనే తింట."

సగం మెతుకులు నేలపాలయ్యాయి. పగిడయ్య చేతులు కట్టుకుని చూస్తూ కూర్చున్నాడు. ఆ పిలుపు కోసం అతను మొక్కని దేవుడు లేడు. సంతోషంతో ఏడుపు ఆగలేదు.

ఏడుస్తుంటేనే విశ్రాంతమ్మ గుర్తొచ్చింది. కల్లం దగ్గర వెతికాడు, లేదు. చర్చి పక్కన గది అని ఎవరో చెబితే అక్కడికి పోయాడు. గదికి తాళం వేసి ఉంది. పాస్టరు గారి భార్య హెప్సిబా ఎదురొచ్చింది.

"విశ్రాంతమ్మ అక్క ఏదమ్మా? నా బిడ్డ మాట్లాడింది. చెప్పి పోదామని వచ్చిన. అనరాని మాట ఒకటన్న ఆమెను, అది గూడ..."

"నాలుగు రోజులాయె, కిరాయి గది ఖాళీ చేసి పోయిందన్నా. ఎటు పోయిందో చెప్పలే. ఫోను గూడ లేదు ఆమెకు."

పగిడయ్య వెనక్కి తిరగబోయి ఆగాడు.

"నర్సు పని గిట్ల చేసిందా ఆమె? పిల్లతోని ఎట్లుండాల్నో గంత బాగ ఎట్ల ఎర్క?"

"నర్సు కాదన్నా" అంది హెప్సిబా. "ఒక్కడే కొడుకు, బండి మీదికెల్లి పడి తలకు దెబ్బ తాకితే తొమ్మిదేండ్లు వాని నోట్లె ముద్ద ఆమెనే పెట్టింది, వాని మాటలన్నీ ఆమెనే చెప్పింది, పోయినేడు కన్ను మూసేదాక వాడు 'అమ్మా' అని గూడ అనలే."