నాలుగు గదులకు నాలుగు రొట్టెలు

"గోడను చూస్తున్నవా, నాకుతున్నవా?" అన్నాడు ఖండప్ప.

హన్మమ్మ చెంప గోడకు ఆనించి, కళ్ళు మూసుకుని నిలబడింది. చల్లగా తగిలింది. కొత్త సున్నం ఎప్పుడూ చల్లగానే ఉంటుంది. దాన్నిబట్టి ఏమీ చెప్పలేం.

మూడు రోజులుగా బీదర్ మీద ముసురు వదలడం లేదు. వసారాలో టీచర్ ఎలీసబెతు స్టాంపు కాగితం తడవకుండా కొంగు కింద దాచుకుని నిలుచుంది. రాష్ట్రం పేరు కర్ణాటకగా మారి ఏడాది కావస్తున్నా ఆ కాగితం మీద ఇంకా మైసూరు అనే ఉంది. సాయంత్రం దాని మీద సంతకం పెడితే ఈ ఇల్లు ఆమెది.

"ఒక్క మాట చెప్పు హన్మక్కా. గోడల్ల బూజు ఉన్నదా, లేదా?" అంది. "మా బిడ్డ హేబ్సిబాకు దమ్ము రోగం. ఇప్పుడున్న కిరాయింట్ల గోడలన్ని నల్లబూజే. పండుకుంటె ఊపిరాడదు పిల్లకు. మళ్ళ చెమ్మ ఇంట్లనే పెడితె నా దగ్గరికి తేనే వద్దన్నడు డాక్టరు."

"పైకైతె లేదు. లోపల సంగతి నా ముక్కుకు అందుతలేదు. మొన్ననే సున్నం కొట్టిన్రు. లోపలి ఎర్రరాయి నీళ్ళు తాగితె సున్నం ఎన్ని రోజులు దాస్తది?"

"కొత్త ఇంటికి సున్నం గాక బొగ్గు పూస్తరా?" అని నవ్వాడు ఖండప్ప. మన్నాఏఖేళ్ళి నుంచి వచ్చి బీదర్‌లో ఇళ్ళు కట్టి అమ్ముతున్న గుత్తేదారు అతను. "ఇంజనీరు చూసి సై అన్నంక, సున్నం నూరెటామె వచ్చి వాసన చూస్తుంది. మంచిగున్నది టీచరమ్మా నీ కథ."

"సున్నం నూరెటామెనే," అంది హన్మమ్మ గోడ వదిలి. "ఈ ఊర్ల ఇల్లు కొనేటోళ్ళు మరి ఇంజనీరును పిలుస్తలేరు, నన్ను పిలుస్తున్రు. ఏం జేస్తం అన్నా."

ఖండప్ప నవ్వు కాస్త తగ్గింది. "అయితె నీ రొట్టెల పరీక్ష పెట్టు. అదేందో నేను గూడ చూస్త."

ఆ పరీక్ష ఊరందరికీ తెలిసిందే. పొడి చోట నెల రోజులైనా మెత్తబడని, పెళుసైన కడక్ జొన్నరొట్టెను గోడ మొదట్లో పళ్ళెంలో పెట్టి, పొద్దున తలుపులు మూసి, సాయంత్రం తీస్తారు. రొట్టె ఫట్‌మని విరిగితే గోడ పొడి. తోలులా వంగితే గోడలో చెమ్మ ఉన్నట్టే. బూజు దాని వెనకే వస్తుంది.

"పెడ్త. తాళంచెవి నా దగ్గర ఉండాలె," అంది హన్మమ్మ.

"అట్లెట్ల? రిజిస్ట్రీ అయ్యేదాక ఇల్లు నాది, చెవి నాది."

ఎలీసబెతు ఏదో అనబోయింది. హన్మమ్మ కళ్ళతోనే ఆపింది.

"ఉంచుకో అన్నా. నీ ఇల్లు, నీ తాళం."

వసారాలోకి వెళ్ళి మూట విప్పింది. నాలుగు రొట్టెలు అరచేతుల మీద పెట్టుకుని లోపలికి వచ్చింది. నాలుగు గదులకు నాలుగు పళ్ళేలు. ఖండప్ప గడప దగ్గరే నిలబడి బీడీ ముట్టించాడు. ఆమె బయటికి రాగానే తాళం వేసి, చెవి జేబులో వేసుకున్నాడు.

"ఐదింటికి రాండ్రి. పెన్ను నేనే తెస్త," అన్నాడు.

ఐదింటికి వాన ఇంకా పడుతూనే ఉంది. ఖండప్ప ముందే వచ్చి ఉన్నాడు. తాళం తీసి, పెళ్ళివారిని పిలిచినట్టు చెయ్యి చాపి లోపలికి దారి చూపించాడు.

మొదటి గదిలో హన్మమ్మ రొట్టె తీసి రెండు వేళ్ళతో వంచింది. ఫట్.

రెండో గది. ఫట్.

మూడోది ఖండప్ప తనే విరిచాడు. "ఇన్నరా టీచరమ్మా? పక్క గల్లీలకు గూడ ఇనబడ్డది."

నాలుగోది ఎలీసబెతు విరిచింది. చేతిలో రెండు ముక్కలయ్యాయి. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "దేవా, నా బిడ్డ బతికింది," అంటూ కిటికీ అరుగు మీద కాగితం పరిచింది. ఖండప్ప పెన్ను మూత తీసి అందించాడు.

హన్మమ్మ కాగితం మీద చెయ్యి పెట్టింది.

"సంతకం పెట్టకు టీచరమ్మా. ఈ ఇల్లు నిలువెల్ల చెమ్మ."

ఖండప్ప మొహం ఎర్రబడింది. "పరీక్ష నీదే గదా? కడక్‌గ విరిగినయా లేదా? ఓడిపోయినంక మాట మారుస్తున్నవా?"

"ఇరవై ఏండ్లల్ల ఒక్క గోడ మీద గూడ మాట మార్చలే అన్నా. ఇప్పుడు మారుస్తనా? ఈ గోడల సంగతి నాకంటె ముందు నీకెరుక."

"నీ చేతులతోనే విరిచినవ్ గదనే."

"విరిచిన. విరిగినయి గాబట్టే చెప్తున్న."

ఎలీసబెతు ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. పెన్ను ఆమె చేతిలోనే ఉంది. "నాకేం సమజైతలేదు హన్మక్కా. రొట్టె విరిగితె పొడి అనే గదా?"

హన్మమ్మ చేతికంటిన పొడి దులుపుకుంది. కొంగు సర్దుకుని నిటారుగా నిలబడింది.

"తాళం ఇయ్యనన్నంక కడక్ రొట్టెలు నేను మూటలకెల్లి తియ్యనే లేదు టీచరమ్మా. పొద్దున పళ్ళేలల్ల పెట్టినయి, పగటి తిండికని నేను తెచ్చుకున్న మెత్తటి రొట్టెలు."